తడిబట్టల సాక్ష్యం

నీరటి చంద్రయ్య మెడకు తువ్వాల వేసి కుంట కట్ట మీద ఈడ్చుకొచ్చింది ఎవరనుకున్నారు? పోలీసులా? పటేలు మనుషులా? ఎవరూ కాదు. మా నల్లబండగూడెం రైతులే. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా. తువ్వాల కొస పట్టుకుని ముందు నడిచింది నర్సయ్య. చంద్రయ్యతో కలిసి ఒకే గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చిన మనిషి.

చంద్రయ్య భార్య అంజమ్మ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా వెనకాల ఉరుకుతోంది.

"ఏం పాపం చేసిండని గుంజుతున్నవ్ నర్సన్నా? పసురాన్ని గుంజినట్టు గుంజుతున్నవ్ గదయ్యా! నీ చేతులు పడిపోను!"

"పాపం చేసిండో లేదో మైసమ్మ కాడ తేలుతది. జర ఆగు" అన్నాడు నర్సయ్య, వెనక్కి చూడకుండానే.

కూలి పనికి పోయే అన్నలారా, కాలేజీలో చదివే తమ్ముళ్ళారా చెల్లెళ్ళారా, మీకో మాట చెప్పి మొదలుపెడతాను. పేదవాడికి అనుమానం ఉండాలి. అది లేకపోతే ఈ లోకం మనల్ని ఎప్పుడో నమిలి మింగేసేది. కానీ ఆ అనుమానాన్ని మన చేతికిచ్చి, "ఇదిగో, వాడి మీద వెయ్యి" అని వేలు చూపించేవాడు ఒకడుంటాడే, ముందు వాణ్ణి అనుమానించాలి. ఈ ముక్క మాకు తెలిసేసరికి మా పొలాలకు నీళ్ళిచ్చే ఊరకుంట సగం ఎండిపోయింది.

నా పేరు జ్యోతి. మా ఊరు ఖాజాగూడ దాటాక బండల వెనకాల దాక్కున్నట్టు ఉంటుంది. పొద్దున పోయి ఆ కొత్త అద్దాల మేడలు కట్టే చోట తట్ట మోస్తాను, పొద్దు వాలేసరికి వచ్చి మా అరెకరం వరి చూసుకుంటాను. నాలాంటి వాళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరు ఉన్నారు. మేం మోసే మేడకి కరెంటు వచ్చింది, లిఫ్టు వచ్చింది, ఏసీలు కూడా వచ్చాయి. మా ఊరికి మాత్రం బస్సు రాలేదు. రోడ్డు కావాలని మా తాతలు అడిగారు, మా నాయనలు అడిగారు, మేమూ అడిగాం. జ్వరమొస్తే దవాఖానకు చందానగర్ పోవాలి. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద వేసుకుని బండల నడుమ నుంచి మోసుకుపోతుంటే, దారిలోనే కాన్పయిన సంగతులు మాకు కొత్త కాదు. ఓట్లప్పుడు జీపులు వస్తాయి. ఆ జీపులకు మాత్రం మా బండల దారి బాగానే కనిపిస్తుంది.

అలాంటి ఊరికి తొంభై తొమ్మిదిలో, ఎండాకాలం ముందర, ఉన్నట్టుండి ఏదో పూనకం వచ్చినట్టు అన్నీ రావడం మొదలైంది. కంకర రోడ్డు వచ్చింది. వీధి దీపాలొచ్చాయి. కట్ట దిగువన నల్లా వచ్చింది. తెచ్చింది లింగమూర్తి పటేలు. వాళ్ళ నాయన కాలంలో మా వాడ మనుషులు వాళ్ళ కోటలాంటి గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్ళట. ఈయన అలా నడవమనలేదు పాపం. తెల్ల మారుతీ కారులో, చేతిలో ఇటుకంత సెల్‌ఫోను పట్టుకుని, "అవ్వా, మంచిగున్నవా?" అని పలకరిస్తాడు. అద్దాల మేడకు ఇసుక, కంకర, కూలీలను పంపే కాంట్రాక్టు ఆయనదే.

నల్లాకు కొబ్బరికాయ కొట్టిన రోజు పటేలు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"కట్ట అవతలి కొసకు, బండ ఎన్క బోరేయించిన. మోటరు పెద్దది, కరెంటు ఖతర్నాక్. అటు దిక్కు ఎవ్వరు పోవద్దు. మోటరు నడిచినంతసేపు మీకు నల్లా వస్తది. ఇగ ఆడోళ్ళకు బాయి కాడికి పోయే తిప్పలు లేదు."

మేం చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టమూ? బిందె మోసిన నడుముకే తెలుస్తుంది నల్లా విలువ. ఒక్క కిష్టమ్మవ్వ మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. ఆ ముసలమ్మ ఎవరినీ నమ్మదు. సొంత కోడలు చాయ్ ఇచ్చినా ముందు వాసన చూస్తుంది.

"అడిగితె ఇయ్యనోడు అడగకుంట ఇస్తున్నడంటే, ఎన్కకేంచి ఏందో గుంజుకపోతున్నట్టే బిడ్డా" అంది నాతో.

"నీకు అన్నీ అనుమానాలే అవ్వా" అని నవ్వాను. అందరూ నవ్వారు.

నెల తిరగలేదు, కుంట దిగిపోవడం మొదలైంది. ఎండలకు ఎప్పుడూ దిగేదే. కానీ ఈసారి దిగడం అలా లేదు. నిన్న పశువులు మునిగిన చోట ఈ రోజు కాలి గిట్టలు తడవడం లేదు. అప్పటికి వరి పొట్టకొచ్చి ఉంది. మీలో పొలం ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొట్టకొచ్చిన వరికి నీళ్ళు తప్పితే గింజ పాలు పోసుకోదు. మిగిలేది తాలు. పంట పోతే మా బతుకేమిటో పటేలు అప్పటికే ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు.

"ఇగ ఈడ ఎవుసం నడవది. కంపెనోళ్ళు భూములు అడుగుతున్నరు. ఎండిన భూమైతే ఇంక ఎవ్వడు అడగడు. ఇప్పుడే అమ్ముకోన్రి" అంటున్నాడు.

నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ఊళ్ళో ఇదొక్కటే మాట. పక్కవాడి మడిలో నీళ్ళు తళుక్కుమంటే కడుపు భగ్గుమనేది. అన్నదమ్ములు ఒకరి గట్టు మీద ఒకరు కాపలా కాశారు. నల్లా కాడ ఆడవాళ్ళం మాట్లాడుకోవడం మానేసి, ఒకరి బిందె ఒకరు చూసుకునేవాళ్ళం. నల్లా నీళ్ళు అప్పుడప్పుడూ మురికిగా వస్తుంటే, కొత్త పైపు కదా తుప్పు అన్నాడు పటేలు. సరే తుప్పే అనుకున్నాం. ఇంటి మనిషిని అనుమానించిన మేం పటేలు మాటను మాత్రం అనుమానించలేదు. చూడండి మా తెలివి!

ఒక రోజు హోటలు ముందర కారు ఆపి పటేలు చాయ్ తాగుతూ అన్నాడట.

"నేను ఎవ్వర్నీ అనను గని, తూము కర్ర ఎవ్వని చేతిలుంది?"

అంతే. ఆ ఒక్క మాట చాలింది.

మా ఊళ్ళో కుంట నీళ్ళు వదలాలంటే నీరటి చేతి మీదుగానే. తూముకు అడ్డం పెట్టిన కర్ర ఆయన తప్ప ఇంకెవరూ ఎత్తకూడదు. వంతు ప్రకారం ఒక్కొక్క మడికీ నీళ్ళు పారిస్తాడు. పంట వచ్చాక కళ్ళంలో తలా ఇన్ని వడ్లు ఆయనకు కొలుస్తాం. చంద్రయ్య నాయన నీరటి, తాత నీరటి. సొంత బావమరిది కాళ్ళు పట్టుకున్నా వంతు దాటి చెంబెడు నీళ్ళు వదలని మనిషి. కానీ మాదిగవాడ మనిషి. అనుమానం అంటుకోవడానికి అది చాలదా? పైగా తూము పాతది, చెక్క పుచ్చిపోయి ఎప్పుడూ కొంచెం కొంచెం కారుతుంది. బాగు చేయిద్దామని ఆయన ఏటా మొత్తుకుంటాడు. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆ కాలువలోని తడే ఆయన దొంగతనానికి సాక్ష్యమైపోయింది.

"కింది తోటలోళ్ళకు దొంగతనంగ నీళ్ళు అమ్ముకుంటున్నడు" అని ఒకడన్నాడు. "నేను చూసిన" అని ఇంకొకడన్నాడు. ఏం చూశాడో వాడికే తెలియాలి.

అనుమానం వచ్చినప్పుడు మా ఊళ్ళో తీర్పు కట్ట మైసమ్మదే. అనుమానం ఉన్న మనిషి ఊరకుంటలో మునిగి, తడిబట్టలతో అమ్మ ముందు నిలబడి నిజం చెప్పాలి. తడిబట్టల మీద అబద్ధమాడితే, ఆ బట్టలు ఆరేలోగా నోరు పడిపోతుందంటారు. నాకెంత నమ్మకమో అడక్కండి. మాకు తెలిసిన కోర్టు అదొక్కటే.

సరే, చంద్రయ్యను తెచ్చి మైసమ్మ ముందు నిలబెట్టారు. పటేలు కూడా వచ్చాడు, తెల్ల లుంగీ పైకెత్తి పట్టుకుని. ఊరంతా కట్ట మీద ఉంది. అప్పుడు గానీ ఎవరూ అటు చూడలేదు. మైసమ్మ ముందర మెట్ల కింద కుంటలో మునగడానికి నీళ్ళే లేవు. నల్లటి బురద. మిగిలిన నీళ్ళన్నీ కట్ట అవతలి కొసకు, పెద్దబండ వెనకున్న లోతు గుంటలోకి జరిగిపోయాయి.

"మునిగేటందుకు నీళ్ళేవిరా?" అన్నాడు చంద్రయ్య. మెడ మీద తువ్వాల ఒరుసుకుని తోలు లేచింది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నా కుంట నన్ను ముంచేటట్టు కూడ లేదు. బండ ఎన్కకు తీస్కపోన్రి. ఆడ మునుగుత."

"అటొద్దు!" అన్నాడు పటేలు గబుక్కున. అంత గట్టిగా ఆయన మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు. వెంటనే తమాయించుకుని, "ఆడ కరెంటు ఉంది. మనిషి పానం పోతె ఎవ్వరు జవాబు? నల్లా నీళ్ళు పొయ్యున్రి. ఏ నీళ్ళైతే ఏంది, తడవాలె అంతే గద" అన్నాడు.

కిష్టమ్మవ్వ నా చెయ్యి గిల్లింది. "చూసినవా? దొంగ పిల్లి పాలగిన్నె దిక్కు పోనిస్తలేదు" అంది చెవిలో.

నల్లా కింద బిందె నింపి తెచ్చారు. నర్సయ్యే ఎత్తి చంద్రయ్య నెత్తిన గుమ్మరించాడు. నల్లని నీళ్ళు. జుట్టు మీంచి, ముఖం మీంచి, చిరిగిన బనీను మీంచి కారాయి. ఆ బనీను మీద, సరిగ్గా రొమ్ము దగ్గర, ఏదో తెల్లగా అతుక్కుని మెరిసింది. అంజమ్మ మొగుడి దగ్గరికి ఉరికి దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది.

చచ్చిన చేపపిల్ల. చిటికెన వేలి గోరంత.

కిష్టమ్మవ్వ ముందుకొచ్చి, అంజమ్మ చెయ్యి పట్టుకుని, ఆ చేపపిల్లను పటేలు ముఖం ముందు పెట్టింది.

"ఏం పటేలా? బోర్ల చేపలు పుడుతున్నయా?"

"ఎవడో బద్మాషు బిందెల ఏసుంటడు" అన్నాడు పటేలు.

నేను ఉరికాను. అందరి కళ్ళ ముందే ఖాళీ బిందె కడిగి, బోర్లించి చూపించి, నల్లా కింద పెట్టాను. నిండాక తెచ్చి మైసమ్మ బండ మీద వంపాను. నాచు తుంపులు, నల్ల బురద, కుంట వాసన. మా చుట్టుపక్కల బోరు వేస్తే ఏమొస్తుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. తెల్లని రాతిపిండి వస్తుంది. ఇంత నల్ల బురద మా ఊరకుంట అడుగున తప్ప ఇంకెక్కడా లేదు.

"ఓరి మీ పాడుగాను!" అన్నాను. "అద్దాల మేడ కాడ స్లాబు మీద పొద్దంత నీళ్ళు పారిస్తరు. ఏడికేంచి వస్తున్నయని మేస్త్రీనడిగితె, నీకెందుకే, తట్ట మోయి అన్నడు. గవి మన నీళ్ళే! మన వరి నోరు కొట్టి ఆడ సిమెంటుకు తాపుతున్నరు. మన నోరు మూసేటందుకు నల్లాల ఇంత చిలకరిస్తున్నరు."

జనం పటేలు వైపు తిరిగారు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ దొర బిడ్డ కదా, తొందరగా దారి వెతుక్కున్నాడు.

"నాకు తెల్వది! మోటరు కాడ ఉన్న సీమోడు చేసిండు. ఆ శ్రీనివాసులుగాడు. పై ఊరోడు, నమ్మి పెట్టుకున్న. బోరు ఎండిందని నాకు చెప్పకుంట కుంటల పైపు ఏసుంటడు. పోయి వాని తోలు తీయిన్రి!"

"తియ్యాలె! నడువున్రి! పై ఊరోళ్ళు వచ్చి మన నీళ్ళు తాగుతున్నరు!" అని కొందరు లేచారు. కర్రలు కూడా లేచాయి.

అంజమ్మ వాళ్ళకు అడ్డం నిలబడింది. చేపపిల్ల ఇంకా చేతిలోనే ఉంది.

"నిన్న నా పెనిమిటి దొంగ. ఇయ్యాల సీమోడు దొంగ. రేపు ఎవ్వలు పటేలా? నా అసుంటోళ్ళే దొరుకుతరా నీకు ఎప్పుడు? కారున్నోడు ఎన్నడు దొంగ కాడా?" అని, జనం వైపు తిరిగింది. "సిగ్గు లేదారా మీకు? ఇంక ఎన్నిసార్లు ఈయన ఏలు చూపిస్తె అటు ఉరుకుతరు?"

కర్రలు దిగాయి. అప్పుడు చంద్రయ్య మెడలోని తువ్వాల తీసి, పిండి, భుజాన వేసుకున్నాడు.

"నేను ప్రమాణం చెయ్య" అన్నాడు. "నాకు అక్కెర లేదు. నన్ను గుంజినయి గదా మీ చేతులు, గా చేతులతోనే పోయి పైపు గుంజున్రి. కుంట మిగిలితె మల్ల మాట్లాడుకుందం, ఎవ్వడు దొంగనో."

కదిలాం. నర్సయ్య మాత్రం కదలలేదు. కట్ట మీద అలాగే తల దించుకుని నిలబడిపోయాడు. మరికొందరు కూడా భయపడి కట్ట మీదే ఆగిపోయారు. పటేలు అప్పటికే సెల్‌ఫోను చెవికి పెట్టి కారు వైపు నడుస్తున్నాడు.

పెద్దబండ వెనక రేకుల కంచె, దానికో తలుపు. తలుపు సందులోంచి శ్రీనివాసులు బయటకు చూసి రెండు చేతులూ జోడించాడు. బక్కపలచని మనిషి.

"యామ్మా, కొట్టగాకండమ్మా! మోటరు ఎయ్యమంటే ఏస్తా, ఆపమంటే ఆపుతా. నాకేం తెల్సమ్మా!"

"ఇది బోరా, కుంటా? నిజం చెప్పు" అన్నాడు చంద్రయ్య.

శ్రీనివాసులు మమ్మల్నందరినీ చూశాడు. తడిసి ముద్దయిన చంద్రయ్యను చూశాడు. ఒరుసుకుపోయిన మెడను చూశాడు.

"బోరు యాడిదన్నా. బోరు ఎయ్యనే లేదు. నేనొచ్చిన నాటి నుంచి కుంటే తోడతావుండా. అడిగితే నోరు మూసుకోమన్నారు. మాది అనంతపురం పక్క. వానల్లేక శెనక్కాయ ఎండిపోయి, ఊరిడిసి వచ్చినోణ్ణి. నోరు తెరిస్తే పెండ్లాం బిడ్డలు ఏం తినల్ల?" అంటూ మొలతాడుకు కట్టుకున్న తాళం చెవి తీసి చంద్రయ్య చేతిలో పెట్టి, పక్కకు జరిగాడు. "మోటరు ఆపల్నా?"

"ఆపకు" అన్నాడు చంద్రయ్య. "నడవనీ."

కంచె లోపల, కుంటలో నుంచి వచ్చిన లావు పైపు మోటరు దాటి, బండల మీదుగా అద్దాల మేడల దిక్కు పోతోంది. దాని పక్కనే సన్నటి పైపు ఒకటి మా నల్లాకు. నా తొడంత పైపు వాళ్ళకు, నా చిటికెన వేలంత పైపు మాకు! ఇంకెవరైనా వర్గాలంటే ఏమిటని అడిగితే ఆ రెండు పైపులూ చూపించండి. గడ్డపారలు పడ్డాయి. ఆడవాళ్ళం, మగవాళ్ళం వరసగా నిలబడి మోటరు దాటిన చోట పైపును పట్టి లాగాం. "లాగు! ఇంకో పట్టు! లాగు!" అతుకు ఊడింది. నీళ్ళు తాటి చెట్టంత ఎత్తున ఎగజిమ్మి, మమ్మల్ని ముంచెత్తి, తిరిగి కుంటలోనే పడ్డాయి. కిష్టమ్మవ్వ ఆ నీళ్ళ కింద నిలబడి నవ్వుతూనే ఉంది. మోటరు నడుస్తూనే ఉంది. కుంట నీళ్ళు కుంటలోకే.

జీపు, వెనక వ్యాను. మా ఊరికి పటేలు వేయించిన కంకర రోడ్డు మీద మొదట జోరుగా వచ్చింది పోలీసు బండ్లే. నొప్పులు పడే ఆడదాని కోసం ఏనాడూ రాని బండి, ఒక్క ఫోనుకే వచ్చింది.

ఎస్సై దిగి చుట్టూ చూశాడు. పక్కన పటేలు.

"పైపు పగలగొట్టింది ఎవరు?"

మా తడిబట్టలు చూసి ఎస్సై నవ్వాడు. తెలివైనవాడే.

"చెప్పొద్దులే. తడిసినోళ్ళందరూ వ్యాన్ ఎక్కండి. పొడిగా ఉన్నోళ్ళు ఇళ్ళకి పొండి. మీ మీద ఏ కేసూ ఉండదు."

"సార్, వీడు మా మోటరు మనిషి, శ్రీనివాసులు" అన్నాడు పటేలు. "పొడిగనే ఉన్నడు. అంత వీని కండ్ల ముందే అయింది. వీడు సాక్ష్యం చెప్తడు. ఆ నీరటోడే ఊరిని ఎగదోసిండని చెప్తడు."

కట్ట మీద పొడిగా నిలబడ్డవాళ్ళకు అది మంచి దారి. ఇంటికి పోవచ్చు. కేసు లేదు, దెబ్బలు లేవు. మేం తడిసినవాళ్ళం వాళ్ళ వైపు చూశాం. నిజం చెప్పాలంటే, నాకు అనుమానమే. వీళ్ళు పోతారనే అనుకున్నాను.

నర్సయ్య కట్ట దిగాడు. ఇంటి దారి పట్టాడనుకున్నాం. పట్టలేదు. మా మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి, నేరుగా ఆ ఎగజిమ్మే నీళ్ళ కిందికి పోయి నిలబడ్డాడు. తల మీంచి కాళ్ళ దాకా తడిసేదాకా కదలలేదు. తర్వాత వచ్చి చంద్రయ్య పక్కన నిలబడ్డాడు. చంద్రయ్య ఆయన ముఖం చూడలేదు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఆ తర్వాత ఇంకొకడు దిగాడు. ఆ తర్వాత ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలతో సహా. "ఏయ్! ఏయ్! ఆగండి!" అని పోలీసులు లాఠీలు అడ్డం పెడుతున్నా, పక్కనుంచి దూరి నీళ్ళ కిందికి పోయారు. కట్ట ఖాళీ అయ్యింది. పొడిగా మిగిలింది పోలీసులు, పటేలు, శ్రీనివాసులు.

"చెప్పరా, ఏం చూసినవ్?" అన్నాడు పటేలు.

శ్రీనివాసులు చొక్కా జేబులోని బీడీల కట్ట తీసి బండ మీద పెట్టాడు. అది తడవకూడదు కదా మరి.

"మా ఊరు ఎండిపోయినప్పుడు నేను ఒక్కణ్ణే ఏడిస్తిని సార్" అన్నాడు ఎస్సైతో. "ఈడ ఇంతమంది ఉండారు." అని పోయి నీళ్ళ కింద నిలబడ్డాడు.

ఎస్సై ముఖం కందగడ్డలా అయిపోయింది. వ్యానులో పట్టేది ఎంతమంది? లాఠీ ఝళిపించి చేతికి దొరికినవాళ్ళను ఎక్కించమన్నాడు. చంద్రయ్యను ఎక్కించారు, శ్రీనివాసులును ఎక్కించారు, నర్సయ్యను, నన్ను. అంజమ్మను తోస్తుంటే ఆమె వ్యాను మెట్టు మీద నిలబడిపోయింది.

"ఆఖరిసారి అడుగుతున్నా" అన్నాడు ఎస్సై. "ఎవరు చేశారిది?"

అంజమ్మ ఒకసారి మైసమ్మ దిక్కు చూసింది. ఒంటిమీది చీర పిండకుండా, కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండా చెప్పింది.

"తడిబట్టల మీద అబద్ధమాడం సారూ. మేమే. మల్ల పైపు ఏస్తె, మల్ల మేమే."